మడచెట్టు చుట్టూ ఒక వారం

ఒమన్‌లోని భారతీయ పాఠశాలల డైరెక్టర్ల బోర్డుకు, బాతినా తీరంలోని బళ్ళ కిండర్‌గార్టెన్ బాధ్యులకు బహిరంగ లేఖ

షినాస్



వారమంతా ఒకే ఇతివృత్తం మీద పసిపిల్లలకు ఆటా పాటా చదువూ నడిపే పద్ధతి, అందరూ ‘థీమ్ వీక్’ అని పిలుచుకునేది, భారతీయ పాఠ్యప్రణాళిక ఉన్న బళ్ళలో ఇప్పుడు మామూలైపోయింది. పండ్ల వారం, రంగుల వారం, సముద్రజీవుల వారం, పోలీసు, డాక్టరు, పోస్ట్‌మాన్ వేషాల వారం. ఈ పద్ధతి మంచిదని గట్టిగా నమ్మేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మూడు నుంచి ఆరేళ్ళ వయసులో ఉన్న పిల్లలకు ఇంతకన్నా తగిన పద్ధతి మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే చాలా చోట్ల అది అలంకారంగా మారిపోయింది. చెయ్యవలసిన పని చెయ్యడం లేదు. దాన్ని మళ్ళీ దారిన పెట్టడానికి షినాస్ లాంటి ఊళ్ళు ఎంతో అనువైనవి. ఈ మూడు మాటలూ మీ ముందు పెట్టడానికే ఈ ఉత్తరం.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఒమన్‌లో భారతీయ పాఠశాలలు ఇక్కడి ప్రవాసుల ఉమ్మడి సొత్తు. 1975లో మస్కట్‌లో ఒక్క బడితో మొదలైన ఈ ప్రయత్నం ఇవాళ ఉత్తరాన ఖసబ్ నుంచి దక్షిణాన సలాలా దాకా ఇరవైకి పైగా బళ్ళుగా విస్తరించింది. మీలో కొందరిని తల్లిదండ్రులే ఓట్లేసి ఎన్నుకుంటారు. లాభం కోసం నడిపే ప్రీస్కూలుకు పోటీ ఒత్తిడి ఉంటుంది, పక్క బడివాళ్ళు పెట్టిన ఫోటోలకన్నా మంచి ఫోటోలు పెట్టక తప్పదు. మీకు ఆ అవసరం లేదు. తల్లిదండ్రులకు నచ్చజెప్పగలిగిన అధికారం, వాళ్ళు నమ్మే స్థానం రెండూ మీకున్నాయి.

ముందుగా ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూద్దాం. ఏ ఒక్క బడినీ దృష్టిలో పెట్టుకుని అంటున్నది కాదిది. ఇండియాలోగానీ గల్ఫ్‌లోగానీ ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలున్న ఇళ్ళలో ఎవరిని అడిగినా దాదాపు ఇదే వరస చెబుతారు. పండ్ల వారమైతే ఇక్కడి బడి వారం మొదలయ్యే ఆదివారం పసుపు బట్టలు, సోమవారం డబ్బాలో అరటిపండు, మంగళవారం అచ్చువేసి ఇచ్చిన మామిడిపండు బొమ్మకు రంగు, బుధవారం అట్టతో చేసిన పుచ్చకాయ వేషం, మైకు ముందు ఇంగ్లీషులో బట్టీపట్టిన మూడు వాక్యాలు, గురువారం ఫోటోలు. అయిదు రోజులూ సందడిగానే గడుస్తాయి. కానీ ఈ అయిదు రోజుల్లో పిల్ల ఒక్క పండునైనా కోసి లోపల ఏముందో చూసిందా? మామిడిలో ఒకే టెంక ఉంటే దానిమ్మలో అన్ని గింజలు ఎందుకున్నాయని అడిగిందా? అరటిపండులో గింజేదని టీచరును నిలదీసిందా? నిమ్మకాయా ఖర్జూరమూ ఒకే గిన్నెలో నీళ్ళలో వేస్తే ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో పందెం కాసిందా? ఆదివారం పనికీ సోమవారం పనికీ లంకె లేదు. రంగు కాగితాలు టీచరు కత్తిరించింది, వేషం తల్లి రాత్రి మేలుకుని తయారుచేసింది, వాక్యాలు ఎవరో రాసిచ్చారు. వారం పిల్లల పేరు మీద జరిగింది, చేసినదంతా పెద్దవాళ్ళే.

గోడల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. థీమ్ మారినప్పుడల్లా తరగతి గోడలు కింది నుంచి కప్పు దాకా బొమ్మలతో నిండిపోతాయి. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా ఫిషర్ బృందం 2014లో ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని సైన్సు పాఠాలు బొమ్మలతో నిండిన గదిలో, కొన్ని బోసిగా ఉన్న గదిలో చెప్పారు. నిండిన గదిలో పిల్లల ధ్యాస పాఠం మీద నుంచి ఎక్కువసేపు మళ్ళింది. తర్వాత అడిగిన ప్రశ్నలకు బోసి గదిలో 55 శాతం సరైన జవాబులు వస్తే, నిండిన గదిలో 42 శాతమే వచ్చాయి. ప్రయోగం చిన్నదే. దాన్ని పట్టుకుని గోడలన్నీ సున్నం వేసి వదిలెయ్యమనడం తొందరపాటు అవుతుంది. అయినా పిల్లల చేత్తో వేసిన నాలుగు బొమ్మలు ఉండవలసిన చోట కొనుక్కొచ్చిన నలభై బొమ్మలు అతికించడం వల్ల చదువుకు మేలు జరుగుతుందనుకోవడానికి ఆధారం లేదన్నది మాత్రం ఒప్పుకోక తప్పదు.

ఇతివృత్తం అసలు ప్రయోజనం వేరు. నాలుగేళ్ళ వయసులో మాటలు విడివిడిగా తలకెక్కవు. ఒక మాట పక్కన దాని బంధువులు కూడా ఉంటేనే నిలుస్తుంది. పీత, బొరియ, బురద, ఆటు, పోటు, ఉప్పు, వేరు అన్నవి ఒకే వారంలో, ఒకే వస్తువు చుట్టూ, చేతులతో ముట్టుకుంటూ, ఆటలో వాడుకుంటూ వచ్చినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. బార్బరా వాసిక్, మేరీ ఆలిస్ బాండ్ 2001లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీన్నే పరీక్షించింది. పేద కుటుంబాల నాలుగేళ్ళ పిల్లలకు 15 వారాల పాటు ఇతివృత్తాల వారీగా కథలు చదివారు. కథలో వచ్చే వస్తువులను చేతికిచ్చారు. అవే మాటలు బొమ్మలు గీసేటప్పుడూ ఆడుకునేటప్పుడూ మళ్ళీ వాడేలా చేశారు. అవే పుస్తకాలను మామూలుగా చదివి వినిపించిన తరగతులకన్నా ఈ పిల్లల మాటల సంపద మెరుగ్గా పెరిగింది. పదేళ్ళ తర్వాత సూజన్ న్యూమన్ బృందం అమెరికాలో పేద పిల్లల కోసం నడిచే హెడ్‌స్టార్ట్ తరగతుల్లో ఒకే కోవకు చెందిన మాటలను కలిపి నేర్పి చూసింది. పిల్లలు ఆ మాటలే కాకుండా వాటి వెనకున్న భావాలను కూడా పట్టుకున్నారు, వాటిని కొత్త వస్తువులకు వర్తింపజేసుకున్నారు. మేలు చేసింది లంకె. అది తెగితే థీమ్ పేరే మిగులుతుంది.

ఇక షినాస్‌కు వస్తాను. ఉత్తర బాతినాలో ఎమిరేట్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ఊళ్ళో ఒక కోట ఉంది, ఖసబ్ వెళ్ళే ఫెర్రీలు బయల్దేరే రేవు ఉంది, ఖర్జూరం, నిమ్మ, మామిడి తోటలున్నాయి. వీటన్నిటికన్నా పసిపిల్లల బడికి పనికొచ్చేది ఇక్కడి ఖోర్, అంటే ఆటుపోట్లతో సముద్రపు నీరు లోపలికి వచ్చి పోయే పాయ. దాని ఒడ్డున మడ అడవి ఉంది. ఇక్కడివాళ్ళు కుర్మ్ అంటారు. అవిసెన్నియా మరీనా అనే ఇదే జాతి మన కాకినాడ దగ్గర కోరింగ అడవిలో కూడా పెరుగుతుంది. దీని వేళ్ళు బురదలోంచి పెన్సిళ్ళలా నిటారుగా పైకి లేస్తాయి, ఎందుకంటే బురదలో గాలి ఆడదు. తాగిన ఉప్పునీటిలోని ఉప్పును ఇది ఆకుల మీదుగా బయటికి తోసేస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ పలుకులు కనిపిస్తాయి. గింజ ఇంకా చెట్టున ఉండగానే కాయలో మొలకెత్తడం మొదలుపెట్టి, నీటిలో రాలి, తేలుతూ పోయి, బురద తగిలిన చోట వేరు వేస్తుంది. చెట్టు ఊపిరి తీసుకుంటుందా, చెట్టుకు దాహం వేస్తే ఉప్పునీళ్ళు ఎలా తాగుతుంది, అమ్మ కొమ్మ మీదే పిల్ల మొలక ఎందుకుంది అని నాలుగేళ్ళ పిల్లలు అడగడానికి ఇంతకన్నా మంచి చెట్టు ఏ పుస్తకంలోనూ దొరకదు.

దీని చుట్టూ ఒక వారం ఎలా నడుస్తుందో వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు సంగతంతా వివరంలోనే ఉంది. ఆదివారం నేల మీద నాలుగు వస్తువులు పెడతారు: రాలిన మడ ఆకులు (కొమ్మ తుంచనక్కర్లేదు, తుంచకూడదు కూడా), ఒక గంపలో ఖోర్ ఒడ్డు బురద, సీసాలో సముద్రపు నీళ్ళు, వేళ్ళ ఫోటో ఒకటి. టీచరు పాఠం చెప్పదు. పిల్లలు ఏం అంటున్నారో రాసుకుంటుంది. ఆ రోజే రెండు పళ్ళేల్లో పల్చగా నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెడతారు, ఒకదాంట్లో సముద్రపు నీళ్ళు, రెండోదాంట్లో కొళాయి నీళ్ళు. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పల్చగా పోస్తే ఈ ఎండకు రెండు మూడు రోజుల్లో నీళ్ళు ఆరిపోతాయి. ఒక పళ్ళెం అడుగున తెల్లటి పొర మిగులుతుంది, రెండోది దాదాపు వట్టిగా ఉంటుంది. ఆ పొరను పిల్లలు ఆకు మీది పలుకులతో పోల్చి చూస్తారు. ఇది ఒక్క రోజులో జరిగే పని కాదు. వారం అవసరమయ్యేది ఇందుకే. రోజూ పొద్దున్నే పిల్లలు ఆ పళ్ళేల దగ్గరికి పరుగెత్తాలి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడాలి, రేపటికి ఏమవుతుందో ఊహించాలి. ‘నిన్న’, ‘రేపు’, ‘ఇంకా’, ‘అప్పుడే’ అనే మాటలు ఈ వయసులో ఎంత కష్టమైనవో కిండర్‌గార్టెన్ టీచర్లకు వేరే చెప్పనక్కర్లేదు. పళ్ళెంలో నీటిమట్టం వాటిని కళ్ళకు కట్టి చూపిస్తుంది.

ఆటకు వేరే చోటు వెతకనక్కర్లేదు. గదిలో ఒక మూల చేపల అంగడి వెలుస్తుంది. అట్టతో చేసిన కవళ్ళూ వంజరాలూ, ఒక తక్కెడ, కాగితం మీద రాసుకున్న బైసాల నోట్లు. కొనేవాడు బేరం ఆడాలి, అమ్మేవాడు లెక్క చెప్పాలి, ధర చీటీ మీద ఏదో ఒకటి గీకాలి. ఆ గీకుడే రాతకు తొలి మెట్టు. అంకె తిరగబడినా సరే, అది అతనికి అవసరమై రాసిన అంకె. మరో మూల నీళ్ళ తొట్టి. ఈ తీరపు జాలర్లు ఒకప్పుడు ఖర్జూరపు మట్టల ఈనెలతో శాషా అనే చిన్న పడవలు కట్టుకునేవారు. దాని ఫోటో ఒకటి చూపించి, ఈనెలూ దారమూ ఇచ్చి వదిలేస్తే పిల్లలు తమ పడవలు తామే కట్టుకుంటారు. కొన్ని మునుగుతాయి. ఎందుకు మునిగిందన్న చర్చ అరగంట సాగుతుంది. బురద గంపలో పీతకు బొరియలు తవ్వేవాళ్ళు తవ్వుతారు. టీచరు ఈ మూలల మధ్య తిరుగుతూ ఒక ప్రశ్న వేస్తుంది, ఒక మాట అందిస్తుంది, చాలావరకు ఊరుకుంటుంది. గురువారానికి గోడ మీద ఉండేవి పిల్లలు వేసిన మడచెట్లూ, వాళ్ళు చెబితే టీచరు రాసిపెట్టిన వాక్యాలూ. ఈ వారానికి కొత్త బట్టలు అక్కర్లేదు, ఒక్క రియాల్ కూడా ఎవరి జేబులోంచీ పోనక్కర్లేదు.

ఇదేదో పాశ్చాత్యుల దగ్గర అరువు తెచ్చుకున్న ఆలోచన అనుకోవద్దు. మన ఊళ్ళలో బొమ్మల పెళ్ళి అంటే ఏమిటి? సంబంధం చూడ్డం దగ్గర మొదలై, కట్నకానుకల బేరం, పిలుపులు, పందిరి, గుజ్జనగూళ్ళ విందు, అప్పగింతల ఏడుపు దాకా రోజుల తరబడి సాగే ఆట అది. పాత్రలు పంచుకోవడం, మాట నిలబెట్టుకోవడం, విస్తళ్ళు లెక్కపెట్టడం, పెద్దవాళ్ళ మాటతీరు పట్టుకోవడం అన్నీ ఆ ఒక్క ఇతివృత్తంలోనే జరిగేవి. పెద్దల వంతు మహా అయితే పిడికెడు అటుకులూ బెల్లంముక్కా ఇవ్వడం. బడి రూపంలో చూసినా, గిజూభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టినప్పుడూ, తారాబాయి మోదక్ మహారాష్ట్ర తీరంలో పిల్లల ముంగిళ్ళకే బడిని తీసుకుపోయి ఆకులు, గవ్వలు, గులకరాళ్ళతో పాఠం నడిపినప్పుడూ ఇదే దారి. ఆమె వాడుకలోకి తెచ్చిన అంగన్‌వాడీ అనే పేరే ఇవాళ దేశమంతటా పసిపిల్లల కేంద్రాలకు ఉంది. షినాస్‌లో గవ్వలకు కరువా?

ఇప్పుడు మీకు ఎదురయ్యే అభ్యంతరాలు. మొదటిదీ పెద్దదీ తల్లిదండ్రులది. ఫీజు కడుతున్నాం, ఇంటికి రాగానే నోటుపుస్తకంలో ఏబీసీడీలు కనిపించాలి, ఒకటో తరగతికి వెళ్ళేసరికి చదవడం రాయడం రావాలి, బురదలో ఆడుకుంటే ఎలా అంటారు. వాళ్ళ ఆదుర్దాను తేలిగ్గా తీసుకోకూడదు. స్వదేశం వదిలి ఇంత దూరం వచ్చింది పిల్లల చదువు కోసమే అని నమ్మే కుటుంబాలు వాళ్ళవి. కానీ తొందరగా రాయించడం వల్ల ముందుకు పోతారన్న నమ్మకానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో సుమారు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ళ వయసు నుంచి ఎనిమిదేళ్ళ దాకా గమనించి, ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ అనే సంస్థ కలిసి 2017లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. అందులో తేలింది ఇది: ప్రైవేటు ప్రీస్కూళ్ళలో పలకా బలపం చదువే ఎక్కువ, ఆటకు చోటు తక్కువ. అయినా అయిదేళ్ళ వయసులో చాలామంది పిల్లలు బడికి సిద్ధంగా లేరు. న్యూజీలాండ్‌లో సెబాస్టియన్ సగేట్ బృందం 2013లో ప్రచురించిన పరిశీలనలో, అయిదేళ్ళకే చదవడం నేర్చినవాళ్ళూ ఏడేళ్ళకు మొదలుపెట్టినవాళ్ళూ పదకొండేళ్ళు వచ్చేసరికి చదవడంలో సమానంగానే తేలారు. అంత తొందరపెట్టి సంపాదించినది ఏమీ మిగల్లేదన్నమాట.

దీని అర్థం పిల్లలను వాళ్ళ మానాన వదిలెయ్యమని కాదు. ఆట పేరుతో గదిలో బొమ్మలు పోసి టీచరు పక్కన కూర్చుంటే చదువు దానంతట అదే రాదు, ఈ విషయంలో సందేహించేవాళ్ళ మాట నిజమే. 2013లోనే కెల్లీ ఫిషర్, క్యాథీ హిర్ష్-పాసెక్ తదితరులు నాలుగైదేళ్ళ పిల్లలకు త్రిభుజం వంటి ఆకారాలను మూడు రకాలుగా పరిచయం చేశారు. ఒక జట్టుకు పాఠంలా చెప్పారు, రెండో జట్టును స్వేచ్ఛగా ఆడుకోనిచ్చారు, మూడో జట్టుతో పెద్దవాళ్ళు కూడా ఆడుతూ ప్రశ్నలతో దారి చూపించారు. మూడో జట్టు పిల్లలే ఆకారాల లక్షణాలను బాగా పట్టుకున్నారు, వారం తర్వాత కూడా అది నిలిచింది. నేను పైన చెప్పిన మడచెట్టు వారం ఈ మూడో రకానిది. మీ చేతిలో అధికారిక ఆధారం కూడా ఉంది. ఇండియాలో 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలే ఉండకూడదంది. ఆటనే బోధనకు కేంద్రం చేసింది. సీబీఎస్ఈ బాటలో నడిచే మీ బళ్ళకు ఇది పరాయి మాట కాదు. తల్లిదండ్రుల సమావేశంలో ఆ పత్రాన్ని చూపించి మాట్లాడవచ్చు.

వేషాలంటే పిల్లలకు ఇష్టం కదా, నలుగురి ముందు నిలబడితే బెరుకు పోతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. వేషం ఆటలో భాగమైతే మంచిదే. చేపల అంగడిలో కూర్చున్న పిల్లాడు తువ్వాలు తలకు చుట్టుకుంటే అది వేషమే, అతను కోరుకున్నది. బెరుకు పోవడానికి కూడా తన పడవ ఎందుకు మునిగిందో తన మాటల్లో చెప్పడం, అర్థం కాని వాక్యాలను కెమెరా ముందు అప్పజెప్పడం కన్నా మేలైన సాధన. పైగా ఈ తీరంలో అందరి జీతాలూ ఒకటి కావు. సొహార్ రేవులో, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇంజనీర్ల పిల్లలూ ఉన్నారు, టైలరింగ్ దుకాణాల్లో, గ్యారేజీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలూ ఉన్నారు. ఒకే గదిలో ఒకరి వేషం ఆన్‌లైన్‌లో కొన్నదీ మరొకరిది పాత చున్నీతో చుట్టినదీ అయినప్పుడు ఆ తేడా నాలుగేళ్ళ పిల్లకు తెలియదనుకోవడం పొరపాటు.

టీచర్లకు ఇంత తీరిక ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనది. ఒక గదిలో పాతిక ముప్పై మంది పిల్లలు, రోజువారీ రికార్డులు, పండుగ కార్యక్రమాలు. అయితే ఇప్పటి థీమ్ వారానికి వాళ్ళ తీరికంతా కత్తెరలకూ అతికింపులకూ పోతున్నదని మరవకండి. ఆ గంటలు తీసి పిల్లలను గమనించడానికి ఇవ్వండి. ఏటా ముప్పై థీమ్‌లు పరుగెత్తించే బదులు పదో పన్నెండో చాలు, ఒక్కోటి రెండు మూడు వారాలు సాగినా తప్పులేదు. ఎండ సంగతి కూడా నిజమే. మే నెలలో పిల్లలను ఖోర్ ఒడ్డుకు ఎవరూ తీసుకుపోరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడి వాతావరణం చల్లగా ఉంటుంది, నీటి పక్షులు కూడా ఆ నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. చలికాలం చివర ఖర్జూరపు చెట్లెక్కి మగపూల రెమ్మలను ఆడగెలల్లో చేత్తో కట్టే పని తోటల్లో జరుగుతుంది, దాని చుట్టూ మరో వారం అల్లుకోవచ్చు. బయటికి తీసుకెళ్ళడం ఎలాగూ కుదరదంటే గంపలో బురదా సీసాలో నీళ్ళూ గదిలోకి వస్తాయి.

మరో అభ్యంతరం ప్రవాసం నుంచి వచ్చేది. ఈ కుటుంబాలు మూడేళ్ళో అయిదేళ్ళో ఉండి వెళ్ళిపోతాయి, షినాస్ మడచెట్టు తెలిసి ఏం లాభం, ఎక్కడైనా పనికొచ్చే విషయాలే చెప్పాలి అంటారు. నాలుగేళ్ళ పిల్లకు ‘ఎక్కడైనా’ అన్న చోటు లేదు. ఆమె చెయ్యి ఆనేది ఇక్కడి నేలనే. ఇక్కడ గమనించడం అలవాటైతే రేపు కరీంనగర్ చెరువు గట్టునా కోనసీమ కాలవ ఒడ్డునా అదే చూపుతో చూస్తుంది. ఏసీ గదిలోంచి ఏసీ బస్సులోకీ అక్కడి నుంచి ఏసీ ఫ్లాటులోకీ వెళ్ళే పిల్లకు తానున్న నేలతో ఏ పరిచయమూ లేకుండా పోవడమే అసలు నష్టం. ఆతిథ్యమిచ్చిన దేశపు చెట్టునూ పడవనూ పిల్లలు ప్రేమగా తెలుసుకోవడం మర్యాద కూడా.

చివరిగా ఇంటి భాష. ఈ తీరపు తరగతిలో మలయాళం, తమిళం, తెలుగు, హిందీ, ఉర్దూ, బెంగాలీ అన్నీ వినిపిస్తాయి, టీచరుకు అన్నీ రావడం అసాధ్యం. అందుకని ఇంగ్లీషు ఒక్కటే మేలని తేల్చేస్తారు. కానీ మీ నుంచి తెలుగు మాధ్యమం ఎవరూ కోరడం లేదు. ఒక భాషలో ఏర్పడిన భావం రెండో భాషకు ఊతమవుతుందని భాషావిద్యా పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ 1979 నుంచీ చెబుతున్నారు. యునెస్కో 1953లోనే తొలి చదువు ఇంటి భాషలో సాగడం మేలంది. ఇతివృత్తపు వారం ఉంటే ఇది సులువు. ముందు గురువారమే ఇంటికి ఒక చీటీ వెళ్తుంది: వచ్చే వారం సముద్రం, ఉప్పు, మడచెట్టు గురించి ఆడుకోబోతున్నాం, మీ భాషలో పిల్లలతో మాట్లాడండి అని. అమలాపురం వైపు నుంచి వచ్చిన తల్లికి మడ అడవి గురించి టీచరుకన్నా ఎక్కువే తెలిసి ఉండవచ్చు. నిజామాబాద్ నుంచి వచ్చిన తండ్రికి సముద్రం కొత్త, చెరువు తెలుసు. ఆదివారం పిల్ల ఆ కబుర్లతో వస్తుంది. తెలుగులో చెబితే తోటి తెలుగు పిల్ల అందుకుంటుంది, టీచరు ఇంగ్లీషు మాట కలుపుతుంది. ఇంగ్లీషు ఇందులో తగ్గదు, దానికి పునాది దొరుకుతుంది. ఇంట్లో తాను మాట్లాడేది బళ్ళో చెల్లని నాణెం అని పిల్ల అనుకునే పరిస్థితి పోతుంది. చదువుకోని తల్లిదండ్రులకు కూడా బడి పనిలో గౌరవంగా పాలుపంచుకునే వీలు వస్తుంది, అది ఫ్యాన్సీ డ్రెస్ కుట్టడం కన్నా ఎంతో పెద్ద పాత్ర.

నా విన్నపం ఇది. ఏప్రిల్‌లో మొదలయ్యే విద్యా సంవత్సరపు ప్రణాళిక రాసేటప్పుడు షినాస్, లివా, సొహార్, సహమ్ ప్రాంతాల పిల్లలు చదివే కిండర్‌గార్టెన్లలో నవంబరు, ఫిబ్రవరి మధ్య ఒక్క వారాన్ని ఈ తీరపు చెట్టుకో చేపకో కేటాయించండి. ఆ వారం వేషాలూ కొనుగోళ్ళూ వద్దని ముందే సర్క్యులర్ పంపండి. రోజుకు కనీసం గంటసేపు మూలల్లో ఆటకు వదిలి, టీచర్లు గమనించినది రాసుకునేలా చూడండి. వారం ముగిశాక ఫోటోల ప్రదర్శనకు బదులు, పిల్లలు అడిగిన ప్రశ్నల జాబితాను తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి. అది విన్న తర్వాత ఏ పద్ధతి కొనసాగాలో తల్లిదండ్రులనే అడగండి.

ఇట్లు
షినాస్ నుంచి మీ శ్రేయోభిలాషి